ఏడేళ్ల విరామం

రఊఫ్ బే మా ఇంటికి వచ్చిన రోజు వీధి వీధంతా కిటికీల్లోంచి తొంగి చూసింది. ఆయన నల్లకారు మా సందులో పట్టలేదు. మలుపు దగ్గరే దిగి, ఎండలో చెమటలు కక్కుకుంటూ నడిచి వచ్చాడు. వెనకాల ఇద్దరు మనుషులు. ఒకడి చేతిలో బస్బూసా మిఠాయి పళ్లెం, రెండోవాడి చేతిలో మెరుపు కాగితం చుట్టిన పెట్టె. సూయజ్ ఊరికి, అందులోనూ మా అర్బయీన్ పేటకి అలాంటి మనిషి మిఠాయి పట్టుకుని వచ్చాడంటే ఏదో పట్టుకుపోవడానికే అని పసిపిల్లలకి కూడా తెలుసు.

ఆయన వచ్చింది మా నాన్న కోసం. నాన్న పేరు సనూసీ. ఊళ్లో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. కెప్టెన్ అంటే ఆయనే. ఫనార్ ఫుట్‌బాల్ క్లబ్బుకి లెఫ్ట్ వింగ్‌లో ఆడిన మనిషి. డెబ్భై ఎనిమిదేళ్లు వచ్చినా, మోకాళ్లు రెండూ అరిగిపోయినా, నడకలో ఆ ఎడమ వాలు ఇంకా పోలేదు. నేను ఆయన కూతురిని, అవాతిఫ్. ఆడపిల్లల హైస్కూల్లో చరిత్ర చెబుతాను. మా ఆయన ఓడల్లో మెకానిక్, ఏడాదిలో ముప్పాతిక భాగం సముద్రం మీదే ఉంటాడు. మా అబ్బాయి తామెర్ అదే ఫనార్ క్లబ్బులో ఫార్వర్డ్.

"కెప్టెన్‌గారూ, నేను మీ ఆట చూస్తూ పెరిగినవాణ్ణి," అన్నాడు రఊఫ్ బే, కూర్చుంటూనే.

"ఎక్కడ?" అన్నాడు నాన్న.

"అంటే... టీవీలో."

"నేనాడేటప్పుడు మా ఊళ్లో టీవీల్లేవు. కొన్నాళ్లు ఊరే లేదు."

రఊఫ్ బే గట్టిగా నవ్వాడు. నాన్న నవ్వలేదు. నేను టీ గ్లాసులు బల్ల మీద కాస్త గట్టిగానే పెట్టాను.

విషయం ఏమిటంటే, ఆయనకి జమర్రుద్ అని ఒక టౌన్‌షిప్ కంపెనీ ఉంది. రాజధాని శివార్లలో ఎడారి చదును చేసి బంగళాలు కట్టే కంపెనీ. దానికి ఒక ఫుట్‌బాల్ జట్టు కూడా ఉంది. మొదటి డివిజన్‌లో ఆడుతుంది. కాకపోతే దాని ఆట చూడటానికి మనిషన్నవాడు రాడు, ఆటగాళ్ల పెళ్లాలు తప్ప. మా ఫనార్ రెండో డివిజన్‌లో మూలుగుతోంది గానీ, శుక్రవారం వచ్చిందంటే ఊరంతా స్టేడియంలోనే. ఏడాది కిందట రఊఫ్ బే మా క్లబ్బుకి అధ్యక్షుడయ్యాడు. ఎలా అయ్యాడో చెప్పాలంటే వేరే కథ అవుతుంది. ఇప్పుడు రెండు క్లబ్బుల్నీ కలుపుతానంటున్నాడు. క్లబ్బుకి నూరేళ్లు నిండుతున్నాయి కాబట్టి ఆ పండగరోజునే ప్రకటిస్తాడట. కొత్త పేరు ఫనార్ జమర్రుద్. కొత్త రంగు ఆకుపచ్చ.

"మరి ఆటెక్కడ?" అన్నాను నేను.

"కొన్నాళ్లు మా టౌన్‌షిప్‌లో, మేడమ్. అక్కడి స్టేడియం చూస్తే మీరు..."

"మరి ఇక్కడి స్టేడియం?"

"ఆ స్థలం గురించి ఆలోచిస్తున్నాం."

"ఆలోచన అంటే ఎన్ని అంతస్తులు?"

తామెర్ బల్ల కింద నా కాలు తొక్కాడు. రఊఫ్ బే నా వంక చూడనే లేదు. పెట్టె విప్పించి ఆకుపచ్చ చొక్కా తీసి నాన్న ఒళ్లో పెట్టాడు. వీపు మీద నాన్న పేరు, పదకొండో నంబరు. "నూరేళ్ల పండగరోజున ఈ చొక్కా తొడుక్కుని మీరు మైదానంలోకి రావాలి. మీరొస్తే ఊరంతా వచ్చినట్టే. అన్నట్టు, మీ మనవడి ఆట చూశానండీ. మొదటి డివిజన్‌లో ఆడాల్సిన కుర్రాడు. అంతా కలిసొస్తే..."

మాట అక్కడ ఆపేశాడు. ఆపాల్సిన చోట ఆపడం తెలిసినవాడు.

ఫనార్ అంటే దీపస్తంభం. క్లబ్బుకి ఆ పేరు పెట్టింది బొగ్గు మోసే కూలీలు. కాలవ కంపెనీ దొరలు బూర్ తౌఫీక్ రేవుపేటలో తమకోసం ఒక మైదానం వేసుకుని చుట్టూ ఇనపకంచె కట్టుకున్న రోజులవి. కంచెకి ఇవతల ఓడలకి బొగ్గు మోసే సయీదీలు, దక్షిణాది నుంచి వచ్చిన మొరటు మనుషులు, ఆట చూస్తూ నిలబడేవారట. చూస్తే కుక్కల్ని ఉసిగొల్పేవారు. ఒకరోజు బంతి కంచె దాటి ఇవతల పడింది. ఖలఫ్ అనేవాడు దాన్ని చంకలో పెట్టుకుని పరుగు తీశాడు. అదే మా క్లబ్బు మొదటి బంతి. మైదానం, దీపస్తంభం వెనక ఉప్పునేల. చొక్కా నలుపూ నీలం: నలుపైతే బొగ్గు మరక కనపడదని, నీలం దొరికిన గుడ్డ అదేనని. మా ఊళ్లో చంటిపిల్లలకి జోలపాట లాగా చెప్పే కథ ఇది. సిమ్‌సిమియ్యా తీగల మీద పాడుకునే కథ.

తర్వాత అరవై ఏడులో యుద్ధం వచ్చింది. కాలవ అవతలి గట్టు మీద శత్రువు కూర్చున్నాడు. మా ఊరి మీద గుళ్లు కురిశాయి. ప్రభుత్వం లారీలు పెట్టి ఊరిని ఖాళీ చేయించింది. మా వాళ్లని డెల్టాలో ఒక పల్లెటూరి బడిలో దించారు. గదికి మూడేసి కుటుంబాలు, నడుమ దుప్పట్లే గోడలు. పల్లెవాళ్లు మొదటి వారం రొట్టెలు తెచ్చారు, రెండో నెల కల్లా 'వలసగాళ్లు' అని పిలవడం మొదలుపెట్టారు. బావి దగ్గర మా అమ్మ ఇన్‌షిరాహ్‌ని ఆఖర్న నిలబెట్టేవారు. నేను పుట్టింది ఆ బడిలోనే, నల్లబల్ల కింద, మంచం లేక.

ఆ బడి ఆవరణలోనే ఫనార్ క్లబ్బు కూడా బతికింది. అది నాకు చదివితే తెలిసింది కాదు. ఉతికిన పదకొండు చొక్కాలు తాడు మీద ఆరుతుంటే వాటి కింద పాకాను నేను.

రఊఫ్ బే వెళ్లిన సాయంత్రం మా ఇంట్లో ఒక్కరం కూడా అన్నం సరిగా తినలేదు. చేపల అన్నం పళ్లెంలోనే చల్లారిపోయింది.

"నాన్నా, ఆ చొక్కా వెనక్కి పంపించెయ్. నేను తీసుకెళ్లి వాళ్ల ఆఫీసులో పారేసి వస్తా," అన్నాను.

"ఎందుకమ్మా పారెయ్యడం?" అన్నాడు తామెర్. "అసలు నీకేం పోయింది?"

"నాకేం పోయిందా? ఒరేయ్, నువ్వు ఎవరి మనవడివో తెలుసా?"

"తెలుసు! పుట్టినప్పట్నించీ అదే కదా చెప్తున్నారు. నేను గోల్ కొడితే కెప్టెన్ రక్తం అంటారు. కొట్టకపోతే కెప్టెన్ పరువు తీశాడంటారు. ఇరవై రెండేళ్లొచ్చాయి. ఆ ఎగుడుదిగుడు నేల మీద నా మోకాళ్లు కూడా తాతవి లాగా అరిగిపోవాలా? అప్పుడు గోడ మీద నా బొమ్మ కూడా వేస్తారా? బొగ్గు, ఉప్పునేల, దీపస్తంభం... దాంతో నాకు ఆట వస్తుందా?"

"నోర్ముయ్!"

"మూసుకోను. తాత మాట్లాడట్లేదుగా, నువ్వెందుకు మాట్లాడతావ్?"

నిజమే. నాన్న మాట్లాడటం లేదు. చేపముళ్లు ఏరి పళ్లెం అంచున వరసగా పెడుతున్నాడు. ఎప్పటికో తల ఎత్తి, "తొడుక్కుంటాలేరా," అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "తొడుక్కుంటావా? నువ్వా? రాజధాని క్లబ్బు తమకి ఆడమని కారు పంపిస్తే ఎక్కనన్న మనిషివి నువ్వేనా?"

"నేను ఎక్కనన్నది నాకోసం. వీడి కారుకి నేను అడ్డం పడుకోమంటావా?"

"పడుకో!"

"చాల్లే అవాతిఫ్. గుడ్డముక్క. తొడుక్కుని, చెయ్యి ఊపి, ఇంటికొచ్చేస్తా."

ఆ వారమంతా నేను ఆయనతో మాట్లాడలేదు. టీ ఇచ్చేటప్పుడు కూడా గ్లాసు బల్ల మీద పెట్టేసి వెళ్లిపోయేదాన్ని. వార్త ఎలాగో ఊళ్లోకి పాకింది. అభిమానుల పెద్ద జూదా, మోటారు విడిభాగాల కొట్టు నడిపే భారీ మనిషి, మా గుమ్మం ముందు నిలబడి లోపలికి రాకుండానే అడిగాడు: "తామెర్ వాళ్లమ్మా, నిజమేనా?"

"ఆయన్నే అడుగు."

"అడగలేను. కెప్టెన్ ఔనంటే నేను తట్టుకోలేను."

అడగకుండానే వెళ్లిపోయాడు.

పండగ శుక్రవారం రానే వచ్చింది. స్టేడియం కిక్కిరిసిపోయింది. ఎటు చూసినా నలుపూ నీలం. ఎదురుగా మాత్రం కొత్తగా కట్టిన తెల్లటి పందిరి, దాని కింద సోఫాలు, రాజధాని నుంచి వచ్చిన పెద్దమనుషులు. అతాఖా కొండ మీంచి వేడిగాలి మొహాన కొడుతోంది. నేను కుటుంబాల వరుసలో, కంచె పక్కనే కూర్చున్నాను. రాకూడదనుకున్నాను. వచ్చాను. ఆయన తల దించుకునే దృశ్యం ఊరంతా చూస్తుంటే నేనొక్కదాన్నీ ఇంట్లో దాక్కోవడమెందుకు అనిపించింది.

నాన్న ఆటగాళ్లు వచ్చే సొరంగం దారిలోంచి బయటికి వచ్చాడు. ఆకుపచ్చ చొక్కాలో. భుజాల దగ్గర వదులుగా, పొట్ట దగ్గర బిగుతుగా. చప్పట్లు మొదలై, ఆ రంగు కనపడగానే ఎవరో పీక పట్టుకున్నట్టు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలోంచి ఒక ఈల. తర్వాత ఇంకొకటి. తర్వాత వేలు. "అమ్ముడుపోయాడు!" అని ఎవడో నా వెనక అరిచాడు. ఒక నీళ్ల సీసా వచ్చి ఆయన కాళ్ల ముందు పడింది.

నేను వెనక్కి తిరిగాను. "ఎవడ్రా అది? నీకు నడక రాకముందు ఆయన ఈ ఊరికోసం ఆడాడ్రా, దద్దమ్మా!" వారం నుంచి ఆయనతో మాట్లాడనిదాన్ని నేనే. అయినా ఆయన్ని తిట్టే హక్కు నాది, వాడిది కాదు.

నాన్న చెయ్యి ఊపలేదు. మైదానం మధ్య మైకు దగ్గర, రఊఫ్ బే పక్కన నిలబడ్డాడు. పెద్ద తెర మీద సినిమా వేశారు. క్లబ్బు నూరేళ్ల చరిత్ర. మంచి గొంతు, మెత్తటి సంగీతం. కాలవ కంపెనీలో పనిచేసిన ఒక విదేశీ ఇంజనీరు ఉదారబుద్ధితో స్థానికులకి ఆట నేర్పి ఈ క్లబ్బును స్థాపించాడని ఆ గొంతు చెప్పింది. స్టేడియంలో గొణుగుడు లేచింది. బంతి ఎత్తుకెళ్లిన ఖలఫ్ లేడు. కుక్కలు లేవు. బొగ్గు లేదు. నాన్న మొహంలో ఏమీ కదల్లేదు. ఆ తర్వాత పాత ఫోటోలు, కప్పులు, నవ్వులు. ఆ తర్వాత గొంతు ఇలా అంది: "అరవై ఏడులో క్లబ్బు తన కార్యకలాపాలకు విరామం ప్రకటించింది. ఏడేళ్ల విరామం తర్వాత కొత్త ఉత్సాహంతో..."

నాన్న మైకు పట్టుకున్నాడు. సినిమా నడుస్తూనే ఉంది.

"విరామమా?" అన్నాడు.

స్పీకర్లలో ఆ మాట స్టేడియం చుట్టూ తిరిగి వచ్చింది.

"ఎవర్రా ఆ మాట రాసింది? ఇటు రా. రాసినవాడివి నా ముందుకి రా."

రఊఫ్ బే నవ్వు మొహంతో ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. నాన్న విదిల్చేశాడు. "చొక్కా మార్చావు, ఊరుకున్నాను. పేరు మార్చావు, ఊరుకున్నాను. మనవడి కోసం ఊరుకున్నాను, అందరూ వినండి, వాడి కోసమే. విరామమా? బిష్‌బీషీ విరామంలో చచ్చాడట్రా?"

మైకు ఆగిపోయింది. ఎవరో తీగ పీకేశారు. నాన్నకి అది తెలియలేదు. మాట్లాడుతూనే ఉన్నాడు. మొదటి వరుసలోంచి జూదా అరిచాడు: "కెప్టెన్! వినపడట్లేదు!" అరిచి, కంచె ఎక్కి, దాని మీద అటూ ఇటూ కాళ్లు వేసి కూర్చున్నాడు. నాన్న ఒక మాట అంటే జూదా జనం వైపు తిరిగి దాన్ని కేక వేశాడు. అతని వెనక వరుస దాన్ని పై వరుసకి అందించింది. అలా నాన్న మాటలు మెట్లెక్కి పైకి వెళ్లాయి.

"బిష్‌బీషీ మా గోల్‌కీపర్!"

"బిష్‌బీషీ మా గోల్‌కీపర్!" అంది స్టేడియం.

"ఊరంతా వెళ్లిపోతే వాడు వెళ్లలేదు. చమురు రిఫైనరీలో మంటలార్పే పని వాడిది. గుళ్లు పడుతుంటే మంటలార్పేవాడు. శుక్రవారం ఉల్లిపాయల లారీ ఎక్కి మా దగ్గరికొచ్చేవాడు. ఒళ్లంతా మసి, మసి మీద ఉల్లి కంపు. గోల్ కాసేవాడు. సాయంత్రం అదే లారీలో మళ్లీ వెళ్లేవాడు. ఉండిపోరా అంటే, మంటలకి శుక్రవారం తెలీదురా అనేవాడు."

పైవరుసలు దాన్ని అందుకునేసరికి నాన్న గొంతు వణుకుతోంది. ఏడుపు కాదు. కోపం.

"ఒక శుక్రవారం రాలేదు. లారీవాడొచ్చి చెప్పాడు. నిర్వాసితుల కోసం పెట్టిన ఆట అది, జనం కూర్చుని ఉన్నారు. ఆడొద్దన్నారు. ఆడాం. గోల్‌లోకి ఎవరూ వెళ్లనన్నారు. నేను వెళ్లాను. నాకు గోల్ కాయడం రాదు. ఏడు గోల్స్ తిన్నాను. ఏడు! తిని కూడా ఆడాం. రాళ్ల మీద ఆడాం, పొలంలో ఆడాం, మమ్మల్ని వలసగాళ్లని తిట్టినోళ్ల ఊళ్లో ఆడాం. ఎండలో ఆడాం, ఆకలి మీద ఆడాం. విరామమట! నీ టౌన్‌షిప్ పునాదిలో నీ బాబుని పూడ్చినా నువ్వు విరామం అనే అంటావు!"

ఆ చివరి మాటని జూదా రెండుసార్లు కేక వేశాడు.

అప్పుడు నాన్న చొక్కా విప్పబోయాడు. అది రాలేదు. ఆయన కుడి భుజం పైకి లేచి చాలా ఏళ్లయింది. చొక్కా తలకి అడ్డంపడి, చేతులు రెండూ పైన ఇరుక్కుపోయి, మొహం కనపడకుండా, ఆ మైదానం మధ్య మా నాన్న సంచిలో చిక్కిన పిల్లిలా పెనుగులాడాడు. పందిరి కింద ఎవరో నవ్వారు. నేను ఆ నవ్వు విన్నాను.

కంచె ఎలా దాటానో నాకు తెలీదు. నా గౌను అంచు చిరిగింది. ఒక పోలీసు అడ్డం వచ్చాడు. "మా నాన్న!" అన్నాను. తప్పుకున్నాడు. వెళ్లి ఆ చొక్కాని రెండు చేతులా పట్టుకుని లాగాను. కుట్లు పటపటమన్నాయి. నాన్న బయటపడ్డాడు. తెల్లటి బనియనుతో, చెదిరిన జుట్టుతో, ఎర్రబడ్డ కళ్లతో. రఊఫ్ బే నాతో మెల్లగా, పళ్లు బిగించి అన్నాడు: "మేడమ్, మీ అబ్బాయి భవిష్యత్తు ఒక్కసారి ఆలోచించండి."

చేతిలో ఉన్న గుడ్డని ఆయన మొహాన కొట్టాను. చదువుకున్నదాన్ని, పిల్లలకి పాఠాలు చెప్పేదాన్ని. కొట్టినందుకు నాకు ఇప్పటికీ ఏ బాధా లేదు.

ఆ తర్వాత జనం మైదానంలోకి దిగారు. ఆట జరగలేదు. సోఫాలు విరిగాయి, తెర చిరిగింది. పోలీసులు లాఠీలు ఎత్తారు, జూదాకి తల పగిలింది. పెద్దమనుషులు వెనక గేటులోంచి కార్లెక్కి పోయారు. మేము గెలిచామనుకున్నాం. వీధుల్లో సిమ్‌సిమియ్యాలు మోగాయి.

గెలవలేదు. సర్వసభ్య సమావేశం రాజధానిలో ఒక హోటల్లో పెట్టారు. మా ఊరివాళ్లు బస్సుల్లో వెళ్లేసరికి హాలు నిండిపోయి ఉంది. ఎప్పుడూ చూడని మొహాలు, అందరి మెడల్లోనూ సభ్యత్వం కార్డులు. మా వాళ్లలో సగం మంది గుమ్మం దాటలేకపోయారు. నాకసలు ఓటే లేదు. ఆడవాళ్లకి ఆ క్లబ్బు కుటుంబ సభ్యత్వం తప్ప ఇంకేమీ ఇవ్వలేదు, నూరేళ్లలో ఒక్కసారి కూడా. చేతులెత్తారు, అయిపోయింది. ఫనార్ పేరు, ముద్ర, రంగు, కప్పులు, అన్నీ కంపెనీవి. కోర్టుకి వెళితే చట్టప్రకారం అంతా సవ్యమేనని తేల్చారు. చలికాలానికి స్టేడియం చుట్టూ రేకులు కట్టారు.

తామెర్‌కి మాత్రం కొత్త జట్టు నుంచి పిలుపొచ్చింది. నేను ఆశ్చర్యపోయాను. రఊఫ్ బే లెక్క వేరు. కెప్టెన్ మనవడు జట్టులో ఉంటే ఊరి నోరు సగం మూతపడుతుంది.

"వెళ్తున్నావా?" అన్నాను, వాడు సంచి సర్దుకుంటుంటే.

"వెళ్తున్నా."

"మీ తాత చొక్కాలో ఇరుక్కుపోతే వాళ్లు నవ్వారు. నువ్వు చూశావు."

"చూశానమ్మా. నేనక్కడే ఉన్నా. నువ్వు పరిగెత్తావు, నేను పరిగెత్తలేదు. అది రోజూ గుర్తొస్తోంది, చాలా?" సంచి మూతి గట్టిగా బిగించాడు. "కానీ నాకు ఆడటం తప్ప ఇంకేం రాదు. ఇక్కడ ఆడటానికి క్లబ్బేది? చెప్పు, ఏది?"

నేను వాకిట్లో అడ్డంగా నిలబడ్డాను. నాన్న లోపల్నించి అరిచాడు: "తప్పుకోవే! వెళ్లనీ వాణ్ణి."

"ఇంత జరిగాకా?"

"నా కోపం వాడికి మూటగట్టి ఇవ్వడానికి అది ఇంటి సామానా? వాడికి రావల్సినప్పుడు వాడిది వాడికే వస్తుంది. తప్పుకో."

తప్పుకున్నాను. తామెర్ తాత చెయ్యి ముద్దుపెట్టుకోబోతే నాన్న చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. వెళ్లమన్నాడు గానీ, ఆ చెయ్యి మాత్రం ఇవ్వలేదు.

వసంతంలో, ధూళిగాలులు వీచే రోజుల్లో, మేము కొత్త క్లబ్బు పెట్టుకున్నాం. ఫనార్ అన్న పేరు వాడకూడదని కంపెనీ నోటీసు పంపింది. దాంతో 'అర్బయీన్ బొగ్గు కూలీల క్లబ్బు' అని పెట్టాం. బొగ్గు మోసేవాళ్లు ఊళ్లో ఇప్పుడు ఒక్కరూ లేరు. అయినా ఆ పేరు మీద ఎవడూ హక్కు అడగలేదు. అట్టడుగు డివిజన్. మైదానం రైల్వే లైను పక్కన మట్టినేల. జూదా అధ్యక్షుడు, నాన్న గౌరవాధ్యక్షుడు. కార్యవర్గంలో నేనొక్కదాన్నే ఆడదాన్ని. దానికోసం కూడా మూడు సమావేశాలు గొడవపడాల్సి వచ్చింది.

మొదటి కార్యవర్గ సమావేశం జూదా కొట్టు వెనక గదిలో జరిగింది. అందరూ కూర్చోగానే జూదా, తల మీద కుట్ల మచ్చ తడుముకుంటూ, ఎంతో మామూలుగా అన్నాడు: "తామెర్ వాళ్లమ్మా, కాస్త టీ సంగతి చూస్తావా?"

"చూడను. నేను సభ్యురాలిని. నీ కొట్టు, నీ పొయ్యి, నువ్వే పెట్టు."

గదిలో ఒకరిద్దరు దగ్గారు. జూదా ఎర్రబడి, లేచి, నిజంగానే టీ పెట్టడానికి వెళ్లాడు. పంచదార మరీ ఎక్కువ పోశాడు.

ఆ రోజు చర్చ క్లబ్బు చరిత్ర మీద. మన చరిత్ర మనమే రాసి, మైదానం గోడ మీద పెద్ద అక్షరాలతో రాయిద్దామన్నారు. రాసే పని నాకే అప్పగించారు. ఖలఫ్, బంతి, ఉప్పునేల, బిష్‌బీషీ. అందరూ తలాడిస్తున్నారు.

"బడిలో ఉన్నప్పుడు చొక్కాలు ఉతికినవాళ్ల పేర్లు కూడా రాస్తాను," అన్నాను. "ఒక్కటే జత చొక్కాలు. ప్రతి శనివారం పంటకాలవలో ఉతికేది మా అమ్మ. చిరిగినవి కుట్టేది బిష్‌బీషీ భార్య కౌసర్. మొగుడు పోయిన మరుసటివారం కూడా కుట్టింది. వాళ్లు లేకపోతే మీ విరామం నిజంగా విరామమే అయ్యేది."

"ఇన్‌షిరాహ్ అత్త అంటే మాకందరికీ గౌరవమే," అన్నాడు జూదా. "కానీ ఉతికినవాళ్లు, కుట్టినవాళ్లు, వండినవాళ్లు... అందరి పేర్లూ రాస్తే ఇక ఆట ఎక్కడుంటుంది?"

నేను జూదా వంక చూడలేదు. నాన్న వంక చూశాను. "నువ్వు చెప్పు. స్టేడియం అంతా నీ నోరు చూస్తుంటే బిష్‌బీషీ పేరు చెప్పావు, ఉల్లిపాయల లారీ గురించి కూడా చెప్పావు. అమ్మ పేరు చెప్పలేదేం? లారీ పాటి చెయ్యదా మా అమ్మ?"

ఆ మాట అనాలని నేను అప్పటిదాకా అనుకోలేదు. అన్నాక తెలిసింది, ఆ శుక్రవారం నుంచీ నా గొంతులో అడ్డంపడి ఉన్నది అదేనని. నాన్న చాలాసేపు మోకాలు రుద్దుకున్నాడు.

"గుర్తు రాలేదు," అన్నాడు చివరికి. "నిజం చెప్తున్నా. గుర్తే రాలేదు."

"అదే నా కోపం."

"తెలుస్తోంది." జూదా వైపు తిరిగాడు. "చలికాలంలో ఆ నీళ్లకి దాని వేళ్లు పగిలి నెత్తురొచ్చేది. నేను చూసేవాణ్ణి. చూసి, ఆటకి వెళ్లిపోయేవాణ్ణి. ఓటు పెట్టు. నాది రాయమని."

ఓటు పెట్టారు. నాదీ నాన్నదీ, ఇంకొక ముసలాయనదీ తప్ప అన్ని చేతులూ రాయొద్దనే లేచాయి. మా నాన్న ఆ గదిలో ఓడిపోవడం అందరికీ కొత్త. ఒకడైతే క్షమించమన్నట్టు ఆయన భుజం తట్టబోయాడు. "నాకెందుకు చెప్తావు, అవాతిఫ్‌కి చెప్పు," అని కసిరాడు నాన్న.

నేనెక్కడ రాజీనామా చేస్తానోనని జూదా భయపడ్డాడు. చెయ్యలేదు. చరిత్ర రాసే పని నా చేతుల్లోనే ఉంది. ఆ పేర్లు లేకుండా ఒక్క వాక్యం కూడా ఇవ్వనని చెప్పి బయటికి వచ్చాను. గోడకి సున్నం వేసి నాలుగు నెలలయింది, ఇంకా ఖాళీగానే ఉంది. తామెర్ ఆ కొత్త జట్టులో బెంచీ మీద కూర్చుంటున్నాడని, ఆడనివ్వడం లేదని ఊళ్లో చెప్పుకుంటున్నారు. వాడు ఫోన్ చేస్తే నాన్న ఇప్పుడు తీస్తున్నాడు, రెండు ముక్కలు మాట్లాడి నాకిస్తున్నాడు. వచ్చే నెల సమావేశంలో ఆ పేర్లు రాయాలన్న తీర్మానం మళ్లీ పెడుతున్నాను.